అరెస్టును ప్రతిఘటించాడన్న కేసు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. రాత్రి పదిన్నర ప్రాంతంలో గుంటూరు లాడ్జి సెంటర్ దగ్గర వాహనాల తనిఖీలో మీ తమ్ముణ్ణి ఆపారు. హెల్మెట్ లేదు. కానిస్టేబుల్ బండి తాళం తీసుకోబోతే ఇతను గట్టిగా పట్టుకున్నాడు, మాటామాటా పెరిగింది. జీపు ఎక్కమని చేయి పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఆ పెనుగులాటలో కానిస్టేబుల్ ముంజేయి గీరుకుంది, చొక్కా గుండీ ఊడింది. తెల్లవారేదాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, పొద్దున సెక్షన్ 35(3) నోటీసు (చెప్పిన తేదీకి హాజరు కావాలన్న కాగితం) ఇచ్చి పంపారు. ఎఫ్‌ఐఆర్‌లో 132, 121(1), 262 సెక్షన్లు వేశారు. అతను మద్యం తాగలేదని, గొట్టంలో ఊదించలేదని, పేరు, చిరునామా అడగగానే చెప్పాడని, సెక్షన్లు తీయిస్తానని ఒక మధ్యవర్తి డబ్బు అడిగాడని కూడా మీరు నాకు రాశారు. అతను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. జైలు పడుతుందా, వెళ్లి క్షమాపణ చెబితే కేసు పోతుందా, ఉద్యోగం మాట ఏమిటన్నవి మీ ప్రశ్నలు.

విజయవాడ, గుంటూరు కోర్టుల్లో ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి వాదించినవాడిగా ఒక మాట ముందే చెబుతాను. ఇది భయపడాల్సినంత పెద్ద కేసు కాదు, వదిలేయాల్సినంత చిన్నదీ కాదు. ఇందులో గెలుపు చాలావరకు ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది. ఆ రాత్రి అతణ్ణి ఏ నేరానికి, ఏ క్షణంలో అరెస్టు చేయబోయారు? అతను తాగలేదని, పేరు చెప్పాడని మీరు రాసిన వాక్యం ఎందుకంత విలువైనదో అక్కడే తెలుస్తుంది.

ముందు సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో భారతీయ నాగరిక సురక్ష సంహిత అమల్లోకి వచ్చాయి. కోర్టు వరండాల్లో ఇప్పటికీ చాలామంది ‘353 కేసు’ అనే అంటారు. ఆ పాత 353 ఇప్పుడు న్యాయ సంహితలో 132. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకోవడానికి దౌర్జన్యం చేయడం లేదా నేరపూరిత బలం వాడడం దీని కిందికి వస్తుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్. పాత 332 ఇప్పుడు 121(1). ఉద్యోగిని విధి నుంచి మరల్చడానికి కావాలని గాయపరచడం. దీనికి పాత చట్టంలో మూడేళ్లుండేది, ఇప్పుడు అయిదేళ్లకు పెంచారు. పాత 224 ఇప్పుడు 262. చట్టబద్ధంగా తనను పట్టుకోబోతే ప్రతిఘటించడం. రెండేళ్ల వరకు శిక్ష, కానీ ఇది బెయిలబుల్.

చూడండి, మామూలుగా ‘అరెస్టును అడ్డుకున్నాడు’ అని మనం అనుకునే నేరం అసలు 262. అదొక్కటే పెడితే జామీను (బెయిలు) హక్కుగా వస్తుంది. అందుకే దాని పక్కన 132 చేరుతుంది. గీత పడినా 121(1) చేరుతుంది. చేయి విదిలించుకున్న ప్రతివాడిమీదా ఈ మూడూ కలిపి పెట్టడం అలవాటుగా మారడం నాకు బాధ కలిగించే విషయం. కుర్రాడి వయసు, భవిష్యత్తు ఆ రాసే చేతికి గుర్తు రావాలి. అయితే కోర్టులో మన బాధ పనికిరాదు, ప్రతి సెక్షన్‌ను దాని మాటల ప్రకారమే విడదీయాలి.

262లోని మాటలు జాగ్రత్తగా చదవండి. తనపై ఆరోపణ ఉన్న నేరానికి గానీ, శిక్ష పడిన నేరానికి గానీ తనను ‘చట్టబద్ధంగా’ పట్టుకోబోతుంటే ప్రతిఘటించాలి. అంటే పట్టుకోబోవడానికి ముందే ఒక నేరం ఉండాలి, ఆ నేరానికి అరెస్టు చేసే అధికారం ఉండాలి. ఇక్కడ ఆ నేరం ఏమిటి? హెల్మెట్ లేకపోవడమా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి ప్రకారం దానికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. వారెంటు లేకుండా ఎప్పుడు అరెస్టు చేయవచ్చో అదే చట్టం సెక్షన్ 202 చెబుతుంది. యూనిఫాంలో ఉన్న అధికారి కళ్లముందే ప్రమాదకరంగా నడిపితే (184), తాగి నడిపితే (185), అనుమతి లేకుండా ఇతరుల బండి తీసుకుపోతే (197) చేయవచ్చు. ఈ చట్టం కింద మరే నేరమైనా, పేరూ చిరునామా చెప్పడానికి నిరాకరిస్తే అప్పుడు చేయవచ్చు. తాగి నడిపాడని అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలేయాలి. మీ తమ్ముడు తాగలేదు, ఊదమని అడగలేదు, పేరూ చిరునామా చెప్పాడు. మరి జీపు ఎక్కమన్నది ఏ అధికారంతో?

దీనికి ప్రాసిక్యూషన్ ఏం సమాధానం చెబుతుందో కూడా ఇప్పుడే అనుకోవాలి. ‘తాళం దగ్గరే కానిస్టేబుల్‌ను నెట్టాడు, అది 132 నేరం, ఆ నేరానికే అరెస్టు చేయబోయాం, అప్పుడు మళ్లీ ప్రతిఘటించాడు’ అంటారు. అలా అయితే ముందు నెట్టడం, తర్వాత అరెస్టు మాట, ఆ తర్వాత విదిలింపు అని మూడు ఘట్టాలు విడివిడిగా ఎఫ్‌ఐఆర్‌లో కనిపించాలి. చాలా ఎఫ్‌ఐఆర్‌లలో ఇవన్నీ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయి: ‘దుర్భాషలాడి, విధులకు ఆటంకం కలిగించి, అరెస్టును ప్రతిఘటించి, గాయపరిచాడు’. మీ ఎఫ్‌ఐఆర్ ఇలాగే ఉంటే అది మంచి సంగతి. తర్వాత వచ్చే సాక్షుల వాంగ్మూలాల్లో ఈ క్రమాన్ని కొత్తగా అల్లడం మొదలైతే, మొదటి కాగితంలో లేనిది తర్వాత చేరిందని అడ్డు ప్రశ్నల్లో నిలదీయవచ్చు.

ఇంకో కాగితం కూడా మీ చేతిలోనే ఉంది. 35(3) నోటీసు అరెస్టు అవసరం లేని సందర్భంలో ఇచ్చేది. పొద్దున ఆ నోటీసు ఇచ్చారంటే అరెస్టు అక్కర్లేదని పోలీసులే నిర్ణయించుకున్నారు. మరి రాత్రి ప్రతిఘటించింది ఏ అరెస్టును? అరెస్టు చేసే ఉంటే సురక్ష సంహిత సెక్షన్ 36 ప్రకారం అరెస్టు మెమో ఉండాలి. దానిమీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడైన వ్యక్తో సాక్షిగా సంతకం చేయాలి, మీ తమ్ముడూ సంతకం చేయాలి. సెక్షన్ 47 ప్రకారం కారణాలు చెప్పాలి, 48 ప్రకారం ఇంటివాళ్లకు తెలపాలి. మెమో ఉంటే దానిలోని సమయం, ఎఫ్‌ఐఆర్ సమయం, జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ పుస్తకం)లో నమోదు సమయం పక్కపక్కన పెట్టి చూడండి. మెమో లేకపోతే, అరెస్టు చేయకుండా రాత్రంతా స్టేషన్‌లో ఎందుకు ఉంచారో వాళ్లు చెప్పాలి. ఇది కేసును ఒక్క దెబ్బతో కొట్టేసే వాదన కాదు. అరెస్టు పూర్తికాకుండా ప్రయత్నం మాత్రమే జరిగినా 262 వర్తించగలదు. అరెస్టు కోరిన నేరం తేలకపోతే ప్రాసిక్యూషన్ న్యాయ సంహిత 265 (వేరే సెక్షన్లలోకి రాని అరెస్టు ప్రతిఘటన) మీదికి దిగవచ్చు, దానికి ఆరు నెలల వరకే శిక్ష, అది కూడా బెయిలబుల్. అక్కడా ‘చట్టబద్ధం’ అన్న మాట అలాగే ఉంటుంది.

ఇప్పుడు 132. పోలీసుతో వాదించడం, గట్టిగా అరవడం, వీడియో తీయడం దీని కిందికి రావు. ‘దౌర్జన్యం’ అన్నా ‘నేరపూరిత బలం’ అన్నా న్యాయ సంహిత 129, 130 సెక్షన్లలో నిర్వచనాలున్నాయి. మాణిక్ తనేజా కేసులో బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఘాటుగా రాసిన దంపతుల మీద పెట్టిన పాత 353 కేసును 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 జనవరిలో బి.ఎన్. జాన్ కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది: అలజడి సృష్టించాడని రాసినంత మాత్రాన దౌర్జన్యమో, నేరపూరిత బలమో అయిపోదు. అయితే మీ తమ్ముడి విషయంలో శరీర స్పర్శ ఉంది. కాబట్టి ఆ తీర్పులు నేరుగా అతికిపోతాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. మన వాదన ఇక్కడ ఉద్దేశం మీద నిలబడాలి. చేయి పట్టుకున్నప్పుడు వెనక్కి లాక్కోవడం వేరు, ఎదుటి మనిషి మీదికి చేయి విసరడం వేరు. మొదటిదానిలో హాని, భయం లేదా చిరాకు కలిగించాలన్న ఉద్దేశం గానీ, అవి కలుగుతాయన్న ఎరుక గానీ ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి.

121(1)కి గాయం ఒక్కటే చాలదు, కావాలని చేసిన గాయమై ఉండాలి. ఇక్కడ చూడాల్సింది గాయాల సర్టిఫికెట్. కానిస్టేబుల్ ఆసుపత్రికి ఎన్ని గంటలకు వెళ్లాడు? తగాదా రాత్రి పదిన్నరకైతే పరీక్ష మర్నాడు సాయంత్రం జరిగిందా? ఎవరు, ఎలా గాయపరిచారని డాక్టరుకు చెప్పినట్టు రాసి ఉంది? ఒక్కడన్నాడా, ముగ్గురన్నాడా? గీరుకున్న గాయం తాళం అంచు తగిలి పడి ఉండవచ్చా అని డాక్టరును అడిగితే, పడవచ్చనే జవాబు తరచుగా వస్తుంది. అది అడగాలంటే ముందు తాళం ఎవరి చేతిలో ఉందో తేలాలి. తనిఖీ అధికారి పత్రాలు స్వాధీనం చేసుకోవడం, కొన్ని సందర్భాల్లో బండిని నిలిపి ఉంచడం గురించి మోటారు వాహనాల చట్టం 206, 207 సెక్షన్లు చెబుతాయి. తాళం గుంజుకోవడం గురించి వాటిలో ఏమీ లేదు. ఇది మీ తమ్ముడి కోపానికి సమర్థన కాదు, ఆ క్షణంలో అతని చేయి ఎందుకు బిగిసిందో జడ్జిగారికి అర్థం కావడానికి.

ఇంతవరకు చదివి ‘అరెస్టు చట్టవిరుద్ధమైతే అడ్డుకోవచ్చు కదా’ అని ఎవరైనా అనుకుంటే ఆగండి. ఈ ఆలోచనతోనే చాలామంది కుర్రాళ్లు చిక్కుల్లో పడ్డారు. ఆత్మరక్షణ హక్కుకు న్యాయ సంహిత సెక్షన్ 37 ఒక గట్టి గీత గీసింది. ప్రభుత్వ ఉద్యోగి తన హోదాలో సదుద్దేశంతో చేసే పని చట్టప్రకారం పూర్తిగా సరికాకపోయినా, దానివల్ల చావో, తీవ్రమైన గాయమో తప్పదన్న భయం సహేతుకంగా కలగనంతవరకు, దానికి ఎదురుతిరిగే హక్కు లేదు. అతను ప్రభుత్వ ఉద్యోగి అని తెలియకపోతే, నమ్మడానికి కారణం లేకపోతే మాత్రం ఆ గీత వర్తించదు. మఫ్టీలో వచ్చి, ఎవరో చెప్పకుండా ఎత్తుకుపోబోయినవాళ్ల విషయంలో దీనికి చాలా విలువ ఉంది. మీ తమ్ముడి దగ్గరికి వచ్చింది యూనిఫాంలో ఉన్నవాళ్లు, కాబట్టి ఆత్మరక్షణ అన్న వాదన మన కేసులో ముందు పెట్టేది కాదు. కొందరు ప్లీడర్లు అలవాటుగా రాసేస్తారు. రాస్తే, కొట్టాను గానీ హక్కుతో కొట్టాను అని ఒప్పుకున్నట్టవుతుంది. మీ తమ్ముడు కొట్టలేదన్నది మన మాట అయినప్పుడు ఆ దారిలోకి వెళ్లకూడదు.

రోడ్డు మీద అరెస్టు అన్నప్పుడు చేయాల్సింది ఒక్కటే. ‘నేను వస్తున్నాను, అడ్డుకోవడం లేదు, కారణం చెప్పండి’ అని చుట్టుపక్కల వినిపించేలా అనడం. సురక్ష సంహిత సెక్షన్ 43 ప్రకారం మాటతోనో చేతతోనో లొంగిపోతే అధికారి ఒంటిమీద చేయి వేయాల్సిన అవసరమే లేదు. ప్రతిఘటిస్తే మాత్రం అవసరమైన బలం వాడే అధికారం అదే సెక్షన్ అతనికి ఇస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ అమ్మగారికీ చెప్పండి. ఇంట్లోవాళ్లు జీపుకు అడ్డుపడితే వాళ్లమీద న్యాయ సంహిత సెక్షన్ 263 వస్తుంది, మరొకరి అరెస్టును అడ్డుకున్నందుకు. కొడుకును తీసుకుపోతుంటే తల్లి జీపు తలుపు పట్టుకుంటుంది, అది సహజం. కానీ అలా ఒక్క కేసు రెండు, మూడవుతుంది. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి సందర్భాల్లో మహిళా అధికారి, మొదటి తరగతి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి.

ఇక ఈ వారంలోనే చేయాల్సిన పనులు. అన్నిటికంటే ముందు కెమెరాలు. లాడ్జి సెంటర్ చుట్టూ దుకాణాలు, ఏటీఎంలు, హోటళ్లు ఉన్నాయి. ప్రైవేటు కెమెరాల్లో పాత దృశ్యాలు కొద్ది రోజుల్లోనో, వారాల్లోనో చెరిగిపోయి కొత్తవి వాటి మీదే ఎక్కుతాయి. ప్రతి దుకాణానికి వెళ్లి మర్యాదగా అడగండి. ఇవ్వనంటే తగాదా వద్దు, కెమెరా ఎక్కడుంది, ఏ దిక్కుకు చూస్తోంది, యజమాని ఎవరు అన్నది రాసుకోండి, ఫొటో తీయండి. సురక్ష సంహిత సెక్షన్ 94 కింద ఆ రికార్డును తెప్పించమని, చెరగకుండా భద్రపరచమని కోర్టును అడగవచ్చు. స్టేషన్‌లోని కెమెరాల సంగతి వేరు. 2020 డిసెంబరులో పరమవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో శబ్దం కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, రికార్డును 18 నెలలు దాచాలని ఆదేశించింది. మీ తమ్ముణ్ణి స్టేషన్‌లోకి ఎన్ని గంటలకు తెచ్చారు, ఎన్ని గంటలకు పంపారు, లోపల ఏం జరిగింది అన్నది దాన్నుంచే తేలుతుంది. తేదీ, సమయం రాసి ఆ రికార్డు భద్రపరచమని పోలీసు ఉన్నతాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి రశీదు దాచండి. తర్వాత ‘రికార్డు లేదు’ అన్న జవాబు వస్తే, ముందే అడిగామన్న రశీదు మనకు సాక్ష్యమవుతుంది.

దృశ్యం దొరికితే వాట్సాప్‌లో పదిమందికి పంపకండి. అసలు ఫోనును, అసలు ఫైలును కదపకుండా ఉంచండి. భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. చేతులు మారిన, కత్తిరించిన వీడియో ఆ పరీక్షలో నిలవదు. సోషల్ మీడియాలో పెట్టడం ఇంకా ప్రమాదం. మీవైపు ఎంత న్యాయమున్నా, కింద ఎవరో రాసిన బూతు వ్యాఖ్య మీ తమ్ముడి ఖాతాలోకి చేరుతుంది.

ఆ రాత్రి అతని ఒంటిమీద దెబ్బలు పడ్డాయా అని మీరు రాయలేదు. పడి ఉంటే గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. రోజులు గడిచేకొద్దీ ఆ కాగితం విలువ తగ్గిపోతుంది. దెబ్బలు లేకపోతే ఉన్నాయని చెప్పకండి. ఎదురు ఫిర్యాదు ఉంటే రాజీకి వస్తారని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. లేని దెబ్బ ఒక్కటి బయటపడితే, ఉన్న నిజమంతా దానితోపాటు కొట్టుకుపోతుంది.

నోటీసు మీద రాసిన తేదీకి తప్పక హాజరవ్వాలి. నోటీసు షరతులు పాటిస్తున్నంతకాలం, కారణాలు రాసి పెడితే తప్ప అరెస్టు చేయరాదని 35(5) చెబుతుంది. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో అలవాటుగా అరెస్టులు చేయవద్దని అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. వెళ్లకపోతే ఆ రక్షణంతా మనమే వదులుకున్నట్టు. వెళ్లినప్పుడు హాజరైనట్టు నోటీసు వెనక రాయించుకోండి. దర్యాప్తు అధికారి నమోదు చేసే వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు, సురక్ష సంహిత సెక్షన్ 181 అదే చెబుతుంది. తనకు నేరం అంటించే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన అవసరమూ లేదు. ‘ఇకమీదట ఇలా ప్రవర్తించను’ అని తెల్లకాగితం మీద రాసిమ్మని అడిగితే మాత్రం వినయంగానే కుదరదని చెప్పాలి. పోలీసుకు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు, నిజమే. కానీ ఆ కాగితం రేపు ఉద్యోగానికి పూర్వాపరాల విచారణ వచ్చినప్పుడు ఎవరి బల్లమీద తేలుతుందో తెలియదు. సెక్షన్లు తీయిస్తానని డబ్బు అడిగిన ఆ మధ్యవర్తిని ఇంటి గడప తొక్కనివ్వకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు.

క్షమాపణతో పోతుందా అన్నదానికి జవాబు సూటిగా చెబుతాను. పోదు. 132, 121(1), 262 రాజీపడదగ్గ నేరాల జాబితాలో లేవు. కానిస్టేబుల్ మనసు మార్చుకున్నా కింది కోర్టు రాజీ నమోదు చేయలేదు, లోక్ అదాలత్‌లోనూ ముగియదు. కేసును ప్రాసిక్యూటర్ ఉపసంహరించుకునే దారి సురక్ష సంహిత సెక్షన్ 360లో ఉంది గానీ దానికి ప్రభుత్వం కదలాలి. నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో బయటపడదామని బేరసారాల విధానం గురించి ఎవరైనా చెబితే, అది కూడా నేర నిర్ధారణే అని గుర్తుంచుకోండి. గ్రూప్స్ రాసే కుర్రాడికి ఆ దారి వద్దు.

హైకోర్టుకు వెళ్లి కొట్టివేయించుకుందామని చాలామంది తొందరపడతారు. నేలపాడులో హైకోర్టు మనకు దగ్గరే, సురక్ష సంహిత సెక్షన్ 528 కింద పిటిషన్ వేయడం కష్టం కాదు. కానీ ఎఫ్‌ఐఆర్‌లో గాయం ఉంది, గాయాల సర్టిఫికెట్ ఉంది. ఇలాంటి కేసులో ‘నిజానిజాలు విచారణలో తేలాలి’ అన్న జవాబుకే అవకాశం ఎక్కువ. ఆలోపు మన దగ్గరున్న వీడియో, మనం పట్టుకున్న సమయాల తేడా అన్నీ అవతలివాళ్లకు ముందే తెలిసిపోతాయి. నా సలహా: చార్జిషీటు వచ్చేదాకా ఆగండి. ఒకవేళ చార్జిషీటులో 121(1) తీసేసి, బలప్రయోగం లేకుండా ‘ఆటంకం’ ఒక్కటే మిగిలితే అప్పుడు హైకోర్టు దారి బలపడుతుంది. ఆటంకం అన్న నేరం న్యాయ సంహిత సెక్షన్ 221. దానికి మూడు నెలల వరకు జైలు, లేదా 2500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే సురక్ష సంహిత సెక్షన్ 215 ప్రకారం ఆ ఉద్యోగి గానీ అతని పై అధికారి గానీ కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మామూలు పోలీసు చార్జిషీటు దానికి సరిపోదు. ఈ అడ్డంకి తప్పించుకోవడానికే 132 చేరుస్తున్నారా అన్నది కోర్టులు పరిశీలిస్తున్నాయి.

చార్జిషీటు 121(1)తోనే వస్తే, కాగితాల నకళ్లు మనకు ఇచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లో డిశ్చార్జి పిటిషన్ (విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని అడిగేది) వేయవచ్చు. అది సురక్ష సంహిత సెక్షన్ 262. ప్రతిఘటన నేరం న్యాయ సంహిత సెక్షన్ 262. అంకె ఒక్కటే కావడంతో గుమాస్తాలు కూడా తికమకపడుతున్నారు, మీ పిటిషన్ మీద ఏ చట్టం రాశారో ఒకసారి చూసుకోండి. ఈ 60 రోజుల గడువు పాత చట్టంలో లేదు. వాయిదా వాయిదాకూ జరుపుకుంటూ పోయే పాత అలవాటు ఇక్కడ ఖరీదవుతుంది.

విచారణ దాకా వెళ్లినా ధైర్యం పోనక్కర్లేదు. అంత రద్దీ సెంటర్‌లో సాక్షులుగా పోలీసులను మాత్రమే చూపితే, బయటి మనిషి ఒక్కడూ ఎందుకు దొరకలేదని అడగవచ్చు. కానీ పోలీసు సాక్ష్యం అన్న ఒక్క కారణంతో కోర్టు దాన్ని పక్కన పెట్టదు, నమ్మదగ్గదిగా ఉంటే దాని మీదే శిక్ష వేయవచ్చు. అందుకే సమయాల తేడాలు, గాయాల సర్టిఫికెట్, కెమెరా దృశ్యాలు అంత ముఖ్యమని పైన చెప్పాను. ఒకవేళ నేరం రుజువైనా మొదటి తప్పు, వయసు చూసి 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలు లేకుండా మంచి ప్రవర్తన బాండుతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. ఆ చట్టం సెక్షన్ 12 ప్రకారం, శిక్షపడినందువల్ల వచ్చే అనర్హత అప్పుడు అంటదు. వాదనల చివర ఆ అభ్యర్థన నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా పెట్టమని మీ న్యాయవాదికి చెప్పండి.

ఫీజు భారమనిపిస్తే గుంటూరు జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది.

చివరగా ఉద్యోగం. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఇదేనని మీ మాటల్లో తెలుస్తోంది. పరీక్షలు రాయడానికి ఈ కేసు అడ్డు కాదు, చదువు ఆపనివ్వకండి. ఎంపికయ్యాక నింపే ధ్రువీకరణ పత్రంలో కేసుల గురించి అడుగుతారు. అక్కడ ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, కేసు ఏ దశలో ఉందన్నది ఉన్నదున్నట్టు రాయాలి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, నిజం రాసినవాడి విషయంలో కూడా నియామకం గురించి ఆలోచించే విచక్షణ యజమానికి ఉంటుంది. కానీ దాచినవాడికి ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కాగలదు. పత్రం నింపే రోజుకు కేసు కొట్టేసి ఉంటే ఆ తీర్పు ధ్రువీకృత నకలు జతచేయాలి. కాబట్టి ఇప్పటినుంచే ఒక ఫైలు పెట్టండి. ఎఫ్‌ఐఆర్, నోటీసు, హాజరు రాతలు, పోస్టు రశీదులు తేదీల వరుసలో అందులో ఉంచండి. నోటీసులో రాసిన తేదీకి అతనితోపాటు న్యాయవాది కూడా వెళ్లేలా ఈ వారంలోనే మాట్లాడుకోండి.